‘టిక్కీ టిక్కీ టెంబో’ పిల్లలకి చదవొచ్చా? చదివితే ఎలా చదవాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీరు అమెరికాలో ఉంటున్నారు, బాబుకి అయిదేళ్ళు, స్కూల్ లైబ్రరీ నుంచి ‘టిక్కీ టిక్కీ టెంబో’ అనే బొమ్మల కథ తెచ్చుకున్నాడు. రోజూ పడుకునే ముందు అదే చదవమంటున్నాడు, ఆ పొడుగు పేరు ఇల్లంతా తిరుగుతూ పాడుతున్నాడు. పక్కింటి చైనీస్ ఆవిడ చూసి ‘ఆ పుస్తకం మాకు నచ్చదు’ అన్నారు. మానిపించాలా, చదవొచ్చా, చైనా జానపద కథల్లో చిన్నపిల్లల్ని నవ్వించేవి వేరే ఏమన్నా ఉన్నాయా అని అడిగారు.

సూటిగా చెప్తానండీ. పుస్తకం లాక్కోకండి. కానీ దాన్ని ‘చైనా కథ’ అని చెప్పి మాత్రం చదవకండి. దాంతోపాటే నిజంగా చైనావాళ్ళు చెప్పుకునే నవ్వు కథలు రెండు మూడు నోటితో చెప్పండి, వాటికి పుస్తకం కూడా అక్కర్లేదు. పక్కింటావిడ అన్నదాంట్లో న్యాయం ఉంది, అది ఎందుకో కింద చెప్తాను.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ ఒక పబ్లిక్ లైబ్రరీలో చిన్నపిల్లల సెక్షన్ చూస్తున్నాను, వారానికి రెండు స్టోరీటైమ్‌లు, ఆదివారం తెలుగు పిల్లలకి తెలుగులో కథలు. ఈ పుస్తకం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, మొదట్లో తప్పుగా చదివాను, తర్వాత మార్చుకున్నాను.

పుస్తకం తెలియనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. చైనాలో ఇద్దరు అన్నదమ్ములు, పెద్దవాడు గౌరవం గల మొదటి కొడుకు కాబట్టి వాడికి చాంతాడంత పేరు, చిన్నవాడి పేరు ఉత్త చాంగ్. చాంగ్ బావిలో పడితే అన్న పరిగెత్తి అమ్మకి చెప్తాడు, నిచ్చెన ఉన్న ఒక ముసలి తాతకి చెప్తాడు, టక్కున బయటికి తీస్తారు. తర్వాత పండగ రోజు అన్న పడతాడు. చాంగ్ పరిగెత్తుతాడు కానీ ఆ పేరంతా గౌరవంగా, తప్పు లేకుండా పలకాలి, ఊపిరాడదు, నాలుక మడత పడుతుంది, అమ్మేమో సరిగ్గా పలకమంటుంది, నిచ్చెన తాతేమో నిద్రలో ఉన్నాడు. ఈలోపు అన్న నీళ్ళలోనే ఉన్నాడు. చివరికి తీస్తారు, బతుకుతాడు, కోలుకోవడానికి చాలా రోజులు పడుతుంది. అందుకే అప్పట్నుంచి చైనావాళ్ళు పిల్లలకి చిన్న పేర్లు పెడుతున్నారు అని ముగింపు.

ఆర్లీన్ మోసెల్ అనే అమెరికన్ ఆవిడ రాశారు, బొమ్మలు బ్లెయిర్ లెంట్, 1968లో వచ్చింది. ఆ ఏడాదే పిల్లల పుస్తకాలకి ఇచ్చే బోస్టన్ గ్లోబ్ హార్న్‌బుక్ అవార్డు కూడా వచ్చింది. చదివి వినిపించడానికి ఇంత బాగా కుదిరిన పుస్తకాలు తక్కువ, అది ఒప్పుకోవాల్సిందే. పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది, ప్రతిసారీ తొందర పెరుగుతుంది, పిల్లలు మూడోసారికల్లా మనతో కలిసి అరుస్తారు. మన ‘ఏడు చేపల కథ’లో చేపా చేపా ఎందుకు ఎండలేదు అన్నప్పుడు వచ్చే హుషారే ఇక్కడా.

మరి గొడవేంటంటే, ఇందులో చైనా దాదాపు లేదు. ఆ పొడుగు పేరుకి ‘లోకంలోకెల్లా అద్భుతమైనది’ అని, చాంగ్ అంటే ‘దాదాపు ఏమీ కానిది’ అని పుస్తకంలో ఉంటుంది. చైనీస్‌లో ఆ పొడుగు పేరుకి అర్థమే లేదు. చాంగ్ అని వినిపించే అక్షరాలు చాలా ఉన్నాయి, ఒకదానికి ‘వృద్ధి’ అని అర్థం, ఇంకోదానికి ఏకంగా ‘పొడుగు’ అని అర్థం! ‘ఏమీ కానిది’ అని మాత్రం కాదు. మీ పక్కింటావిడ ఇంటిపేరో, వాళ్ళ నాన్నగారి పేరో చాంగ్ అయ్యుంటే ఆ పేజీ దగ్గర ఆవిడకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఈ కథకి బాగా దగ్గరగా ఉన్నది జపాన్‌లో ఉంది, దాని పేరు ‘జుగేము’. జపాన్‌లో రాకుగో అని ఒక కథ చెప్పే కళ ఉందండీ, మన హరికథలా ఒక్కరే చెప్తారు, కాకపోతే నిలబడి ఆడరు, పరుపు మీద మోకాళ్ళు మడిచి కూర్చుని, చేతిలో ఒక విసనకర్ర, ఒక తువ్వాలుతో అందరి వేషాలూ వాళ్ళే వేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నోరు తిరగడానికి జుగేము నేర్పిస్తారు. అందులో ఒక తండ్రి కొడుక్కి మంచి పేరు కావాలని గుడిలో గురువు దగ్గరికి వెళ్తాడు. ఆయన తరగని ఆయుష్షు అని ఒకటి, సముద్రంలో ఇసుక రేణువులు, నీళ్ళలో చేపల్లాగా లెక్కలేనంత అని ఒకటి, తిండికీ ఇంటికీ లోటు లేకుండా అని ఒకటి, ఇలా వరసగా చెప్పుకుంటూ పోతే, ఏది వదిలేస్తే ఏం నష్టమో అని తండ్రి అన్నీ కలిపి ఒకే పేరుగా పెట్టేస్తాడు. వాడు పెద్దయ్యాక ఇంకో పిల్లాడి నెత్తిన మొడతాడు, బొప్పి కడుతుంది, ఆ పిల్లాడు ఏడుస్తూ వచ్చి ‘మీ ఫలానా ఫలానా ఫలానా వాడు నన్ను కొట్టాడు’ అని పేరంతా చెప్పేలోపు బొప్పి తగ్గిపోతుంది! పిల్లాడు నీళ్ళలో పడే రూపం కూడా పాతకాలంలో ఉంది, అక్కడ పాపం వాడు బతకడు. మోసెల్ గారు ఈ కథ చిన్నప్పుడు విన్నానని చెప్పుకున్నారు, అంటే నోటి నుంచి నోటికి వచ్చే దారిలో జపాన్ కథ చైనా కథ అయిపోయినట్టుంది. బొమ్మల్లో బట్టలు, చెప్పులు కూడా జపాన్ వాటిలా ఉన్నాయని చాలామంది ఎత్తిచూపారు. మోసెల్, లెంట్ ఇద్దరూ తర్వాత ఒక జపాన్ కథని జపాన్ కథగానే చేశారు, దాని బొమ్మలకి బ్లెయిర్ లెంట్‌కి 1973లో కాల్డికాట్ మెడల్ వచ్చింది, అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకి ఇచ్చే పెద్ద బహుమతి అది.

ఇంకో మాట, నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. పుస్తకం చెప్పేదానికి అసలు చైనా ఆచారం పూర్తిగా తలకిందులు. అక్కడ పల్లెల్లో మరీ అపురూపంగా పుట్టిన పిల్లాడికి ముద్దుపేరుగా కావాలని చెత్త పేరు పెట్టేవాళ్ళు. ‘గౌషంగ్’ అని ఒకటి, అంటే కుక్క తినగా మిగిలినవాడు. ‘తియెదాన్’ అని ఇంకోటి, ఇనప గుడ్డు. దయ్యాలు, గాలీ ధూళీ అలాంటి పేరు విని, వీడు పనికిరానివాడులే అని వదిలేసి పోతాయని నమ్మకం. మన పెంటయ్య, పెంటమ్మ కూడా ఇంతేనండీ. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టినవాణ్ణి పెంట మీద పెట్టి తెచ్చుకుని పెంటయ్య అని పిలుచుకున్న ఇళ్ళు తెలంగాణలో, ఆంధ్రలో ఎన్ని లేవు. ఒక స్టోరీటైమ్ అయ్యాక ఒక చైనా అమ్మమ్మ గారు, మనవరాలు ఇంగ్లీషులోకి చెప్తుంటే, వాళ్ళాయనని చిన్నప్పుడు కుక్క మిగిలింది అని పిలిచేవాళ్ళని చెప్పారు. నేను పెంటయ్య సంగతి చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అలా ఊపుతూనే ఉన్నారు, మాటలు అక్కర్లేకపోయాయి.

పేర్ల విషయంలో మనకీ వాళ్ళకీ ఇంకో పోలిక, ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇద్దరికీ అమెరికా ఫారాల్లో అదే తిప్పలు. వాళ్ళది మామూలుగా రెండు మూడు అక్షరాలతో అయిపోతుంది, ఒకటి ఇంటిపేరు, ఒకటో రెండో సొంత పేరు. తేడా ఎక్కడంటే మనం తాత పేరు మనవడికి పెట్టుకుని మురిసిపోతాం, వాళ్ళు పెద్దల పేరు పిల్లలకి పెట్టడం అమర్యాద అనుకుంటారు. మీ బాబుకి ఇది చెప్పండి, అయిదేళ్ళ వాడికి కూడా అర్థమవుతుంది, ‘నీకు తాత పేరు పెట్టాం కదా, వాళ్ళింట్లో అయితే పెట్టరంట’ అంటే కళ్ళు పెద్దవి చేసి వింటారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి రెండు మూడేళ్ళు నేను దీన్ని చైనా జానపద కథ అనే పరిచయం చేసేదాన్ని, కవరు మీద అలాగే అనిపిస్తుంది కదా అని. ఒకరోజు కథ అయిపోగానే ఒక బాబు పక్కనున్న చైనీస్ పాప వైపు తిరిగి ‘నీ మొత్తం పేరేంటి, చెప్పు చెప్పు’ అన్నాడు. వాడిలో చెడు ఏమీ లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. కానీ అందరూ నవ్వారు, ఒకడు టిక్కీ టిక్కీ అని మొదలుపెట్టాడు, పాప వెళ్ళి వాళ్ళమ్మ ఒళ్ళో మొహం దాచుకుంది. ఆ నవ్వు నేను తెప్పించిందే. అప్పట్నుంచి నేను పరిచయం మార్చాను, చివరి పేజీలో ‘అందుకే చైనావాళ్ళు’ అనే వాక్యం చదవడం మానేశాను.

మన పిల్లల్ని తల్చుకుంటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. వెంకట సాయి నాగ సత్య అని మొదలయ్యే పేరు టీచర్ హాజరు పిలుస్తూ మధ్యలో ఆగిపోతే క్లాసు ఎలా చూస్తుందో మన ఇళ్ళల్లో చాలామందికి తెలుసు. పేరు పొడుగ్గా ఉంటే నవ్వు రావడం సహజం, అందులో తప్పు లేదు, ఆ నవ్వు కథలో పిల్లాడి తిప్పలు చూసి రావాలి, పక్కన కూర్చున్న పిల్ల పుట్టిన దేశం చూసి రాకూడదు.

సరే, చదివేటప్పుడు నేనేం చేస్తానంటే. మొదలుపెట్టే ముందు ఒక్క వాక్యం, ‘ఇది అమెరికాలో ఒకావిడ సరదాగా చెప్పిన కథ, చైనాలో పేర్లు ఇలా ఉండవు’. అంతే, అయిదేళ్ళ వాడికి పాఠం చెప్పక్కర్లేదు. చైనావాళ్ళలా మాట్లాడుతున్నట్టు గొంతు మార్చడం అస్సలు వద్దు, చాంగ్‌కి మీ బాబు గొంతే పెట్టండి. కథ తెలుగులో చెప్పుకుంటూ పొండి, పేరు మాత్రం ఉన్నది ఉన్నట్టు. మొదటిసారి నెమ్మదిగా, ప్రతి మాటకీ ఒక చప్పట్టు. రెండోసారి కొంచెం తొందరగా. చాంగ్ పరిగెత్తి వచ్చినప్పుడు నిజంగా రొప్పుతూ చెప్పండి, సగంలో ఊపిరాడక ఆగిపోండి, మిగతా సగం వాడే పూర్తి చేస్తాడు, ఆ క్షణం కోసమే పిల్లలు ఈ పుస్తకం మళ్ళీ మళ్ళీ అడుగుతారు. పేజీ తొందరగా తిప్పేయకండి.

బావి గురించి ఒక చిన్న జాగ్రత్త. కొంతమంది పిల్లలకి అన్న నీళ్ళలో ఉండిపోయాడన్నది నవ్వు కాదు, భయం. ఒక పాప నా చీర కొంగు పట్టుకుని ‘చచ్చిపోతాడా’ అని అడిగింది కథ మధ్యలో. అప్పుడు ఆపేసి ‘లేదమ్మా, బయటికి వస్తాడు, చివరి బొమ్మ చూద్దామా’ అని ముందే చూపించేశాను, తర్వాత హాయిగా నవ్వింది. ఇక్కడి పిల్లలు బావి చూసి ఉండరు కూడా. మీ ఊళ్ళో నాయనమ్మ వాళ్ళింటి బావి ఫొటో ఉంటే చూపించండి, గిలక, చేద, తాడు, బొక్కెన జారి లోపల పడితే కొక్కేలున్న పాతాళగరిగె వేసి తీసేవాళ్ళని చెప్పండి. మా ఆదివారం పిల్లలకి నిచ్చెన తాత కన్నా పాతాళగరిగె ఎక్కువ నచ్చింది. భయపడే పిల్లలకైతే బావి కథ పక్కన పెట్టి జుగేము బొప్పి కథే చెప్తాను, అందులో ఎవరికీ ఏమీ కాదు.

ఇక నిజంగా చైనావాళ్ళ నవ్వు కథలు. ఇవి చాలావరకు రెండు వేల ఏళ్ళు దాటినవి, నాలుగక్షరాల సామెతలుగా మారి ఇప్పటికీ రోజూ మాటల్లో వాడతారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మెన్షియస్ అనే పాతకాలపు చైనా తత్వవేత్త చెప్పిన రైతు కథ. సుంగ్ అనే అప్పటి చైనా రాజ్యంలో ఒక రైతుకి తన పొలంలో మొలకలు పెరగట్లేదని దిగులు. ఒకరోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కో మొలకనీ పట్టుకుని కొంచెం కొంచెం పైకి లాగి, ఇంటికొచ్చి ‘అబ్బ, నడుం పోయింది, ఇవాళ మొలకలు ఎదగడానికి సాయం చేసొచ్చాను’ అంటాడు. కొడుకు పరిగెత్తుకెళ్ళి చూస్తే అన్నీ వాడిపోయి ఉంటాయి. ఊళ్ళో నాట్లు చూసిన పిల్లలకి ఇది చెప్తే ఎంత నవ్వుతారో. చెప్పేటప్పుడు మీ బాబునే మొలకగా నిలబెట్టి చెవులు పట్టుకుని మెల్లిగా పైకి లాగండి, వాడు పొట్ట పట్టుకుని నవ్వుతాడు. ఇంకో సుంగ్ రైతు ఉన్నాడు, హాన్ ఫేయ్ అనే ఇంకో తత్వవేత్త చెప్పినవాడు. పొలంలో మొద్దుకి గుద్దుకుని ఒక కుందేలు చచ్చిపడితే, నాగలి పక్కన పడేసి, రోజూ ఆ మొద్దు దగ్గరే కూర్చుంటాడు ఇంకో కుందేలు వస్తుందని. ఆ కాలం కథల్లో తెలివితక్కువ వాడు కావాలంటే సుంగ్ రాజ్యం వాణ్ణి పెట్టేవాళ్ళు, మనకి పరమానందయ్య గారి శిష్యుల్లాగా.

‘జువాంగ్జీ’ అనే పాత చైనా గ్రంథంలో కోతుల కథ అయిదేళ్ళ వాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. కోతుల్ని పెంచే ఆయన పొద్దున మూడు, సాయంత్రం నాలుగు కాయలు ఇస్తానంటే కోతులన్నీ కోపంతో ఎగురుతాయి. సరే అయితే పొద్దున నాలుగు, సాయంత్రం మూడు అంటే సంతోషంతో గెంతుతాయి. బిస్కెట్లతో ఆడి చూపించండి, కొంతమంది పిల్లలు కోతుల పక్షమే తీసుకుంటారు, వాదించకండి, వాళ్ళంతట వాళ్ళే ఒకరోజు లెక్కపెట్టుకుంటారు.

ఇంకో కోతుల కథ ఉంది, అది చెప్తే మీ పక్కింటావిడ వెంటనే గుర్తుపడతారు, చైనాలో దాదాపు ప్రతి పిల్లాడికీ తెలుసు. బావిలో చంద్రుడు పడిపోయాడని కోతులన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడి తీయబోతాయి, కొమ్మ విరిగి అన్నీ బావిలో పడతాయి. 1981లో షాంఘై యానిమేషన్ స్టూడియో వాళ్ళు దీన్ని చిన్న కార్టూన్‌గా కూడా తీశారు. అసలు విషయం ఏంటంటే ఈ కథ చైనాకి వెళ్ళింది మన దగ్గర్నుంచే. మనం చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదివాం కదా చైనా యాత్రికుడు ఫాహియాన్, ఆయన పాటలీపుత్రం నుంచి తీసుకెళ్ళి అయిదో శతాబ్దం మొదట్లో బుద్ధభద్రుడు అనే భిక్షువుతో కలిసి చైనీస్‌లోకి మార్చిన బౌద్ధ వినయ గ్రంథంలో, అంటే భిక్షువుల నియమాల పుస్తకంలో, ఇది ఉంది. అందులో ఊరు కాశీ, చెట్టు మర్రి, కోతులు అయిదు వందలు. అంటే బావి కథే కావాలని మీ బాబు మారాం చేస్తే, ఈ బావి కథ వాళ్ళదీ అవుతుంది, మనదీ అవుతుంది.

పుస్తకమే కావాలంటే ఒకటి చెప్తాను. 1938 నాటి ‘ఫైవ్ చైనీస్ బ్రదర్స్’ కొనకండి. కథ నిజంగా చైనాదే, ఒకడు సముద్రాన్ని మింగుతాడు, ఒకడి మెడ ఇనుము, ఒకడి కాళ్ళు సాగుతాయి, అద్భుతంగా ఉంటుంది, కానీ బొమ్మల్లో ఊరందరికీ ఒకే పసుపు మొహం. అదే కథ మార్గరెట్ మాహీ 1990లో ‘సెవెన్ చైనీస్ బ్రదర్స్’ అని మళ్ళీ రాశారు, చైనా మహా కుడ్యం (గ్రేట్ వాల్) కట్టే రోజుల్లో జరుగుతుంది, అందులో ఎవరి మొహం వాళ్ళది. అది తీసుకోండి, చాలా లైబ్రరీల్లో ఉంటుంది.

పేర్ల హాస్యమే మీ బాబుకి ఇష్టమైతే మన ఇంట్లోనే ఉంది కదా. ఇల్లలుకుతూ పేరు మర్చిపోయిన ఈగ! పెద్దమ్మా పెద్దమ్మా నా పేరేంటి అని మొదలై, పెద్దమ్మ కొడుకు, కొడుకు చేతిలో గొడ్డలి, గొడ్డలి నరికే చెట్టు అని గొలుసు పెరుగుతూ పెరుగుతూ చివరికి గుర్రం దగ్గరికి వెళ్తే అది ‘ఇహిహీ’ అని సకిలిస్తుంది, ఈగకి పేరు గుర్తొస్తుంది. అక్కడ పేరు పొడుగై తిప్పలు, ఇక్కడ పేరు రెండక్షరాలే అయినా మర్చిపోయి తిప్పలు. ఈ రెండూ ఒకే రాత్రి పక్కపక్కన చెప్తే పిల్లలకి చాలా బాగుంటుంది.

మేము ఆదివారం ఆడే ఆట ఒకటుంది. ఇంట్లో ఒక్కొక్కరూ పిల్లాడికి ఒక్కో ముద్దుమాట ఇవ్వాలి, అన్నీ కలిపి వాడి పొడుగు పేరు. మా మేనకోడలి కొడుక్కి తయారైన పేరు ‘బుజ్జి బుజ్జి బంగారు కొండ నేతి గారె పెరుగు ముద్ద నాయనమ్మ గారాల గుమ్మడిపండు చిన్నోడు’. ఐస్‌క్రీమ్ గిన్నె ఎదురుగా పెట్టి, ఎవరైనా పేరంతా తప్పు లేకుండా పిలిస్తే గానీ వాడు స్పూన్ ముట్టుకోకూడదు. వాళ్ళ తాత మూడుసార్లు పెరుగు ముద్ద దగ్గరే ఆగిపోయాడు, ఐస్‌క్రీమ్ కరిగి పాలైపోయింది. మీ ఇంట్లో ఆడేటప్పుడు పక్కింటావిడ్నీ, వాళ్ళ పిల్లల్నీ పిలవండి, ఆవిడ చిన్నప్పటి ముద్దుపేరేంటో కూడా అడగండి, బాబు పేరులో ఒక మాట ఆవిడ చేత పెట్టించండి.